ముందు తల్లి చేపను చూసుకో

చిరంజీవి చిట్టికి, పెద్దనాన్న ఆశీస్సులు.

ఫోటోలు చూశాను తల్లీ. నాలుగడుగుల ట్యాంకులో రాళ్లు చక్కగా పేర్చావు. ఆరు కుక్కూ క్యాట్‌ఫిష్‌లు తెచ్చాను, వీటికి పిల్లలు కావాలంటే ఏం చేయాలి అని అడిగావు. కొన్నాళ్లు వాటి ఊసు వదిలెయ్. ముందు అదే ట్యాంకులో ఉన్న నీ సిక్లిడ్ జాతి చేపల్లో తల్లుల సంగతి చూడు. అవి బాగుంటేనే ఇవి పిల్లలు పెడతాయి.

ఎందుకంటే, ఈ కుక్కూ క్యాట్‌ఫిష్ మన జెల్లలకు దూరపు చుట్టం, పుట్టిల్లు ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు. అక్కడి సిక్లిడ్‌లలో చాలా రకాలు గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతాయి. తల్లి చదునైన రాయి మీద గుడ్డు పెట్టి, వెనక్కి తిరిగి నోట్లోకి తీసుకునేలోపే క్యాట్‌ఫిష్‌లు మధ్యలోకి దూసుకొస్తాయి. దొరికిన గుడ్లు మింగి, తమ గుడ్లు అక్కడ వదిలి పోతాయి. తల్లి కంగారుగా అన్నిటినీ ఏరి నోట్లో వేసుకుంటుంది. కాకి గూట్లో కోకిల గుడ్డు పెట్టినట్టే. జపాన్ శాస్త్రవేత్త టెట్సు సాటో 1986లో ఈ సంగతి బయటపెట్టాడు.

తర్వాత జరిగేది కూడా తెలుసుకునే దిగు. క్యాట్‌ఫిష్ గుడ్లు మూడు రోజులకల్లా పిల్లలవుతాయి, సిక్లిడ్ గుడ్లకు ఇంకా టైమ్ పడుతుంది. ముందు పుట్టినవి పొట్టకింది సొన అయిపోగానే నోట్లోనే ఉన్న సిక్లిడ్ పిల్లల్ని తినేస్తాయి. ఆ తల్లి మాత్రం తిండి మానేసి వాటినే తనవనుకుని మోస్తుంది. మొదటిసారి ఇది చూసినప్పుడు రెండు రోజులు నాకు ట్యాంకు దగ్గర కూర్చోబుద్ధి కాలేదు. ఆ తల్లికి మనం బాకీ పడ్డామని అప్పటినుంచీ నా మనసులో ఉంది.

ఇక పని. నువ్వు పెట్టిన నాలుగు రకాల సిక్లిడ్‌లలో ఒక్క రకమే ఉంచు, మిగతావి ఎవరికైనా ఇచ్చెయ్. అన్నీ కలిపితే కొట్లాటలు, పైగా సంకర పిల్లలు. నా మాట వింటే పీకాక్ రకమో, జీబ్రా ఆబ్లిక్విడెన్స్ రకమో పెట్టు. ఒక మగ, ఆరు ఆడవి. టాంగన్యీకా సిక్లిడ్‌లకు తరతరాలుగా ఈ మోసం అలవాటే, పరాయి గుడ్లను గుర్తుపట్టి ఉమ్మేసేవి వాటిలో ఎక్కువ. ఆఫ్రికాలోనే మలావీ, విక్టోరియా ప్రాంతపు సరస్సులకు చెందిన ఇలాంటి చేపలకు ఈ దొంగ తెలియదు, అందుకే ఇళ్లలో చాలామంది వాటినే వాడతారు.

నీ క్యాట్‌ఫిష్‌ల పొట్ట ఒకసారి జాగ్రత్తగా చూడు. అసలైన కుక్కూ క్యాట్‌ఫిష్‌కు, అంటే మల్టీపంక్టేటస్‌కు, పొట్ట తెల్లగా, మచ్చలు లేకుండా ఉంటుంది. మచ్చలుంటే అది పెట్రికోలా అనే దాని దగ్గరి చుట్టమో, ఫారంలో తయారైన సంకరమో. నాకు ఒక షాపులో అలా సంకర చేపలు అంటగట్టారు, రెండేళ్లు పెంచాక గాని తెలియలేదు. ఇవి గుడ్లకు రావడానికి కూడా దాదాపు అంత కాలం పడుతుంది కాబట్టి ఇప్పుడే చూసుకోవడం మంచిది.

నీళ్ల గురించి టెన్షన్ వద్దు. మీ హైదరాబాద్ బోరు నీళ్లు బట్టలకు, గీజర్లకు మంచివి కావు గాని ఈ చేపలకు పనికొస్తాయి, గట్టి (కఠిన) నీళ్లే వీటికి కావాలి. పీహెచ్ 8 దగ్గర, వేడి 25 నుంచి 27 డిగ్రీలు. వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చు. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ పోగొట్టి పొయ్యి. లైటు ఆర్పాక మునిగే గింజల మేత వెయ్యి, పగలు వేస్తే సిక్లిడ్‌లు మిగల్చవు. మందు వేయాల్సి వస్తే సగం మోతాదు, ఎందుకంటే క్యాట్‌ఫిష్‌కు పొలుసులుండవు.

గుడ్లు నోట్లో ఉన్న తల్లిని గుర్తుపట్టడం తేలికే. గొంతుకింద సంచిలా దిగుతుంది, మేత వేసినా ముందుకు రాదు, ఏదో నములుతున్నట్టు దవడ మెల్లగా ఆడిస్తుంది. పన్నెండో రోజు దాకా కదిలించకు. ఆ తర్వాత తెల్లవారుజామున, లైటు వేయకముందే, మెత్తటి వలతో పట్టు. చెయ్యి తడిచేసుకుని, ట్యాంకు నీళ్లే పోసిన గిన్నెలో దాని తల కిందికి వంచి, అగ్గిపుల్ల మొద్దు చివరతో కింది దవడను మెల్లగా తెరువు. ముందు ఏమీ రాదు. తర్వాత ఒక్కొక్కటే నల్లటి చుక్కలా జారి గిన్నె అడుగున తిరుగుతుంది. కళ్లు దగ్గర పెట్టి చూస్తే ఆ చుక్కకు మీసాలు కనిపిస్తాయి. మొదటిసారి నాకు తొమ్మిది వచ్చాయి, సిక్లిడ్ పిల్ల ఒక్కటీ లేదు.

పిల్లలకు అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే ఉప్పునీటి బుల్లి రొయ్యల్లాంటి పురుగుల్ని, రోజుకు మూడు నాలుగు సార్లు వెయ్యి. ఆకలేస్తే ఒకదాన్నొకటి తింటాయి. తల్లిని మాత్రం వెంటనే పెద్ద ట్యాంకులో పడెయ్యకు. నీరసంగా ఉన్నదాన్ని మిగతావి తరిమి చంపుతాయి. రెండడుగుల ట్యాంకు వేరే పెట్టి, రెండు వారాలు కడుపు నిండా మేపు. కోలుకున్నాక మగదానితో అక్కడే, క్యాట్‌ఫిష్‌లు లేకుండా, ఒక ఈత తన పిల్లల్ని తాను మోయనివ్వు. ఇది నేను మానకుండా చేస్తాను.

పెద్ద క్యాట్‌ఫిష్‌ను వలతో పట్టకు. జెల్ల ముల్లు ఎలా గుచ్చుకుంటుందో నీకు తెలుసుగా, దీనికీ రెక్కల దగ్గర అలాంటి ముళ్లే. ఒకసారి వలలో ఇరుక్కుని కీచుకీచుమంటుంటే నేను లాగాను, రెక్క చీలింది. వలను కత్తెరతో కోసేసి ఉంటే సరిపోయేది. నువ్వు ప్లాస్టిక్ డబ్బాతో తోలి పట్టు.

పిల్లలు ఎక్కువైతే ఊరి చెరువులో వదలకు. ఆక్వేరియాల నుంచి బయటపడ్డ సక్కర్ చేప మన రైతుల చెరువుల్లో చేసే నష్టం నువ్వూ చూశావు.

మొదటి తల్లి మేత మానేసిన రోజు తారీఖు రాసి పెట్టుకుని నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా సరే. పన్నెండో రోజుకు నేనే బయల్దేరి వస్తాను.

మీ పెద్దనాన్న