అమెరికాలో అప్పీల్స్ లాయర్లకి ఎలాంటి బ్యాక్‌గ్రౌండ్ ఉంటుంది?

అప్పీల్స్, లిటిగేషన్ రెండూ చేసే అటార్నీ ఏం చదివుంటారని అడిగారు కదా. 4 ఏళ్ల డిగ్రీ, 3 ఏళ్ల జేడీ (లా డిగ్రీ), బార్ ఎగ్జామ్ (లాయర్ లైసెన్స్ పరీక్ష), ఇంతవరకు మామూలే. తేడా క్లర్క్‌షిప్ దగ్గర వస్తుంది, క్లర్క్ అంటే గుమాస్తా అనుకునేరు, కాదండీ, జడ్జి దగ్గర ఏడాదో రెండేళ్లో కేసులు స్టడీ చేసి తీర్పుల డ్రాఫ్టులు రాసే పని, పేరున్న అప్పీల్స్ లాయర్లలో చాలామంది ఇది చేసినవాళ్లే. ట్రయల్లో సాక్షులు, జ్యూరీ ఉంటారు గానీ అప్పీల్లో అవేం ఉండవు, కింది కోర్టు రికార్డు పట్టుకుని బ్రీఫ్, అంటే రాతపూర్వక వాదన, రాయాలి, ఫెడరల్ అప్పీల్ కోర్టుల్లో మెయిన్ బ్రీఫ్‌కి మామూలుగా 13,000 పదాలే లిమిట్, చాలా కేసులు నోటి వాదన లేకుండా దాని మీదే తేలిపోతాయి. అమెరికా సుప్రీంకోర్టు బార్‌లో, అంటే అక్కడ వాదించే అర్హత ఉన్న లాయర్ల జాబితాలో, చేరాలంటే మాత్రం ఏదైనా రాష్ట్ర అత్యున్నత కోర్టులో కనీసం 3 ఏళ్లుగా లాయరై ఉండాలి.