గుంటూరులో గాస్కెట్ల షాపు పెడుతున్న మా అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి,

పైపుల, మిషన్ల అతుకుల దగ్గర లీకు ఆపే గాస్కెట్లు, సీళ్ల షాపు పెడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. విజయవాడ ఆటోనగర్‌లో ఇన్నేళ్లుగా ఇదే వ్యాపారంలో ఉన్నవాణ్ణి కాబట్టి, నీకు ముందే తెలియాల్సినవి రాస్తున్నాను.

కౌంటర్ దగ్గరికి వచ్చిన మనిషి పాత గాస్కెట్ చూపించి "ఇలాంటిదే ఇవ్వండి" అంటాడు. వెంటనే కొలత తీసి ఇచ్చేయకు. లోపల పారేది ఏమిటి, ఎంత వేడి, ఎంత ప్రెషర్? ఈ మూడూ అడుగు. సైజు తర్వాతి సంగతి. అసలు పాతది మెటీరియల్ తప్పు కావడం వల్లే పోయిందేమో! "తెలీదండీ" అంటే వాళ్ల మెకానిక్‌కి ఫోన్ కలపమను. విసుక్కుంటారు, ఫర్వాలేదు.

మీ ఊళ్లో నీకు ఎక్కువగా తగిలేది మిర్చి కోల్డ్ స్టోరేజీల వాళ్లు. గదులు చల్లబరిచే వాళ్ల అమ్మోనియా ప్లాంట్ల దగ్గరే చాలామంది బోల్తా పడతారు. వైటాన్ రబ్బరు ఖరీదైంది, 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది కదా అని ఓ-రింగులు (ఉంగరంలా ఉండే సీళ్లు) అవే ఇచ్చేస్తారు. అమ్మోనియా తగిలితే వైటాన్ పెళుసెక్కి పగులుతుంది. పోనీ ఈపీడీఎం రబ్బరు ఇద్దామా అంటే, అది అమ్మోనియాకి ఆగుతుంది కానీ కంప్రెసర్‌లో వాడే మినరల్ ఆయిల్ తగిలేసరికి ఉబ్బిపోతుంది. గ్యాస్ వెంట ఆయిల్ ఎంతో కొంత పోకుండా ఉండదు. అందుకే రెండింటికీ ఓర్చుకునే నియోప్రీన్ రబ్బరు ఇవ్వాలి. కంప్రెసర్ మాన్యువల్‌లో ఏం రాశారో కూడా చూడమను. స్టోరేజీ నిండా మిర్చి టిక్కీలు (బస్తాలు) ఉన్నప్పుడు లీకైతే సరుకు సంగతి అటుంచు, లోపలున్న కూలీల కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

నూనె మిల్లుల వాళ్లకు 100 డిగ్రీలు దాటనంత వరకు నైట్రైల్ రబ్బరు చాలు. బాయిలర్ స్టీమ్ లైన్లకు స్పైరల్ వౌండ్ గాస్కెట్, అంటే స్టీలు పట్టీ, గ్రాఫైట్ కలిపి చుట్టింది ఇవ్వు.

ఆస్బెస్టాస్ షీటు చవకని అడుగుతారు. నువ్వు పెట్టకు నాన్నా. దాని పొడి ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ వస్తుంది, అదీ ఎన్నో ఏళ్లకు గానీ బయటపడదు. షీటు కోసేది నీ దగ్గర పనిచేసే కుర్రాడే. ఆస్బెస్టాస్ లేని షీట్లు ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి. ధర ఎందుకు ఎక్కువో చెప్పి అమ్ము.

మందంగా ఉంటే గట్టిగా ఉంటుందనుకుంటారు జనం. ఫ్లాంజ్ (పైపు చివర బోల్టులు బిగించే చక్రం) ముఖాలు బాగుంటే 3 ఎంఎం కంటే 1.5 ఎంఎం షీటే మేలు. షీటును ఫ్లాంజ్ మీద పెట్టి సుత్తితో కొట్టి కోసే అలవాటు మాన్పించు, అంచు దెబ్బతింటుంది. గ్రీజు పూయొద్దని, బోల్టులు ఎదురెదురుగా విడతలవారీగా బిగించమని, విప్పిన గాస్కెట్ మళ్లీ వేయొద్దని బిల్లు ఇచ్చేటప్పుడే చెప్పు.

తిరిగే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే ఆయిల్ సీళ్లకు మాత్రం కొలతే ప్రాణం. 25-47-7 అంటే షాఫ్ట్ 25, హౌసింగ్ (సీల్ దిగే గూడు) 47, వెడల్పు 7 ఎంఎం. నంబరు చెరిగిపోతే పాత సీల్ లోపలి అంచుని నమ్మకు, అరిగి ఉంటుంది. షాఫ్టునే వర్నియర్‌తో కొలుచుకు రమ్మను. "నెలకో సీల్ పోతోందండీ" అంటే, షాఫ్ట్ మీద సీల్ కూర్చునే చోట గోరుతో పొడవునా గీసి చూడమను. గోరు గాడిలో తట్టుకుంటే ఎంత మంచి సీల్ వేసినా కారుతుంది. ముందు షాఫ్టుకి స్లీవ్ (అరిగిన చోట తొడిగే సన్నటి గొట్టం) వేయించుకోమని పంపించు, ఆ రోజు బేరం పోయినా సరే.

మొదటి సరుకు కొనేముందు లిస్టు నాకు పంపు. ఏది ఎంత కొనాలో చూసి చెప్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న