పెన్షనుదారులకు క్రెడిట్ కార్డు, కొన్న వస్తువుకు రక్షణ

ప్రశ్న: ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. పెన్షను తప్ప వేరే ఆదాయం లేదని ఒక బ్యాంకు క్రెడిట్ కార్డు ఇవ్వనంది. కార్డుతో కొన్న వస్తువులకు రక్షణ ఉంటుందని మా అబ్బాయి అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందుగా పెన్షను జమయ్యే శాఖలోనే పెన్షన్ పేమెంట్ ఆర్డరు, పాసుబుక్కు చూపించి అడగండి. అక్కడా కుదరకపోతే ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీపై ఇచ్చే కార్డు తీసుకోవచ్చు. దీనికి సాధారణంగా ఆదాయ రుజువు అడగరు, డిపాజిట్‌పై వడ్డీ యథావిధిగా వస్తుంది. అయితే కార్డు ఉన్నంతకాలం ఆ సొమ్ము తీసుకోవడానికి వీలుండదు కాబట్టి, వైద్యానికి దాచుకున్న డబ్బును మాత్రం దయచేసి దీనికి పెట్టకండి.

మీ అబ్బాయి చెప్పినది కొంతవరకే నిజం. పర్చేజ్ ప్రొటెక్షన్ అనేది, కొన్న వస్తువు నిర్ణీత రోజుల్లోపు దొంగతనానికో అగ్నిప్రమాదానికో గురైతే పరిహారమిచ్చే బీమా. అది కొన్ని కార్డులకే ఉంటుంది, నగల వంటివి మినహాయింపుల్లో ఉండవచ్చు. బిల్లు, ఎఫ్.ఐ.ఆర్. ప్రతి అడుగుతారు. ఆర్డరిచ్చిన మిక్సీ రాకపోవడం, పగిలిన జారుతో రావడం వేరే సంగతి: ముందు విక్రేతకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఫలితం లేకపోతే గడువులోపు బ్యాంకుకు తెలిపితే, ఛార్జ్‌బ్యాక్ (చెల్లించిన సొమ్మును విక్రేత నుంచి బ్యాంకు వెనక్కి రప్పించడం) పద్ధతిలో సొమ్ము తిరిగి రావచ్చు. అందుకే పార్సిలు విప్పేటప్పుడే ఫొటోలు తీయించండి.

మీ ప్రమేయం లేకుండా, మీదీ బ్యాంకుదీ కాని బయటి లోపం వల్ల కార్డుపై ఎవరైనా ఖర్చు చేస్తే, ఆ ఖర్చు గురించి బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోపు ఫిర్యాదు చేసినవారిపై నష్టం పడదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఆదేశించింది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టమంతా మీరే భరించాలి.