చలి దేశంలో లాన్‌కు అదును మఖ, పుబ్బ, ఉత్తర కార్తెలే

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి మండలం. పొగాకు, శనగ వేస్తాం. మా అబ్బాయి అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, సెయింట్ పాల్ దగ్గర ఇల్లు కొన్నాడు. ఇంటి చుట్టూ పదిహేను సెంట్ల దాకా గడ్డే. మేము ఏప్రిల్‌లో వెళ్లేసరికి మంచు కరిగి గడ్డంతా ఎండిన రంగులో ఉంది. మధ్యమధ్యలో తెల్లటి బూజు వలయాలు. కారు వచ్చే దారి పక్కన రెండడుగుల మేర పూర్తిగా మాడిపోయింది. ఒక లాన్ కంపెనీ వాళ్లు వచ్చి చూసి, గడ్డి చచ్చిపోయిందన్నారు. ఏడాది కాంట్రాక్టు తీసుకుంటే ఐదు విడతల ఎరువు, కలుపు మందు, విత్తనం, నేలకు బెజ్జాలు, వారం వారం కోత, చలికాలం మంచు తీయడం అన్నీ చూసుకుంటామని కాగితం ఇచ్చారు. అబ్బాయికి టెన్షన్ పట్టుకుంది. ఇందులో ఏది అవసరం, ఏది దండగ? ఆ గడ్డి విత్తనం తెచ్చి మా ఇంటి ముందు రెండు సెంట్లలో వేసుకోవచ్చా? మా ఇంటావిడ ఈసారి వెళ్లేటప్పుడు కరివేపాకు మొక్క పట్టుకెళ్తానంటోంది. అదీ చెప్పగలరు.

జవాబు: ముందు అబ్బాయికి ఫోన్ చేసి గడ్డి చావలేదని చెప్పండి. మీరు రాసిన లక్షణాలను బట్టి దారి పక్కన మాడిన పట్టీ తప్ప మిగతాదంతా తిరిగి పచ్చబడుతుంది. సంతకం పెట్టడానికి తొందరేమీ లేదు.

అక్కడి ఇళ్ల ముందు ఎక్కువగా ఉండేది కెంటకీ బ్లూగ్రాస్. దానితో పాటు ఫెస్క్యూ, రై గడ్డి రకాలు కలుపుతారు. ఇవన్నీ చలి గడ్డి జాతులు. పైన గాలి 15 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే ఆకు జోరుగా పెరుగుతుంది. వేరు పెరగడానికి నేల ఇంకా చల్లగా, 10 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. మన గరిక దీనికి పూర్తిగా ఎదురు. 27 నుంచి 35 డిగ్రీలు ఉంటేనే దానికి ఊపు. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే కంపెనీ కాగితంలో ఏది ఉంచాలో, ఏది కొట్టేయాలో మీరే చెప్పగలరు.

సెయింట్ పాల్‌లో చలికాలం కనిష్ఠ ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 25, 30 డిగ్రీల దాకా పడిపోతుంది. ఆకు ఎండిపోతుంది కానీ నేలకు ఆనుకుని ఉన్న కుదురు, లోపలి దుంపవేళ్లు బతికే ఉంటాయి. పైన పేరుకున్న మంచు వాటిని గడ్డకట్టే గాలి నుంచి కాపాడుతుంది. మీ అబ్బాయిని నాలుగైదు చోట్ల గడ్డి పిలక పట్టుకుని లాగమనండి. మొదలు దగ్గర తెల్లగా, గట్టిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

ఆ బూజు వలయాలను స్నో మోల్డ్ అంటారు. రెండు మూడు నెలలు మంచు కప్పిన చోట, ముఖ్యంగా ఆకులు ఊడ్వకుండా వదిలేసినా, గడ్డి పొడవుగా ఉండగానే మంచు పడినా ఈ శిలీంధ్రం లేస్తుంది. దగ్గరగా చూస్తే ఎండిన ఆకుల మీద ఆవగింజంత గోధుమ రంగు బుడిపెలు కనిపిస్తాయి. అవి ఉంటే అది బూడిద రంగు స్నో మోల్డ్. అది ఆకును తింటుంది గానీ కుదురు జోలికి సాధారణంగా పోదు. ఏప్రిల్‌లో దానికి మందు కొట్టడం వృథా. మంచు కరిగాక శిలీంధ్రం పని అయిపోయినట్టే. నేల కాస్త ఆరాక వెదురు పళ్ల చీపురు లాంటి దానితో మెల్లగా గీరి, అంటుకుపోయిన ఆకులను విడదీస్తే చాలు. గాలి, ఎండ తగిలి కొత్త ఆకు వస్తుంది.

దారి పక్కన మాడింది మాత్రం నిజమైన నష్టం. మీకిది చెబితే చాలు అర్థమవుతుంది, ఎందుకంటే మన సముద్రతీర మండలాల చౌడు నేలల్లో జరిగేదే అక్కడా జరిగింది. జారకుండా ఉండాలని చలికాలమంతా దారి మీద ఉప్పు చల్లుతారు. అది మామూలు సోడియం క్లోరైడే. పారతో తీసిన మంచుతో పాటు ఆ ఉప్పు కూడా పక్క గడ్డి మీద పడుతుంది. వైద్యం మీకు తెలిసిందే: నేల కరిగాక ఆ పట్టీకి నీళ్లు బాగా పెట్టి ఉప్పును వేళ్ల కిందికి దింపాలి. సోడియం పేరుకుని నేల గట్టిపడితే జిప్సం వేసి మళ్లీ తడపాలి. వచ్చే చలికాలం ఉప్పు తగ్గించి ఇసుక చల్లమనండి. మంచు తీసేవాళ్లతో కుప్ప ఎక్కడ వేయాలో కూడా ముందే మాట్లాడుకోవాలి. లేకపోతే ప్రతి ఏప్రిల్‌లో ఇదే కథ.

ఇక కాగితం సంగతి. చలి దేశపు లాన్‌కు ఏడాదిలో అసలు అదును ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా. మన లెక్కలో మఖ, పుబ్బ, ఉత్తర కార్తెలు. వేసవి వేడి తగ్గి, నేలలో ఇంకా వెచ్చదనం ఉండి, కలుపు ఊపు చచ్చిన కాలం అది. విత్తనం వేసినా, బెజ్జాలు కొట్టినా, ఎరువు వేసినా ఫలితం అప్పుడే ఎక్కువ. కంపెనీలు మాత్రం ఈ పనుల్లో చాలావాటిని ఏప్రిల్, మే నెలల్లోకి నెడతాయి. మంచు కరిగి ఇంటివాళ్లు దిగులుగా చూసే రోజులు అవే కదా. నా సలహా, వసంతంలో పెట్టే ఖర్చును వీలైనంత మటుకు ఆ మూడు కార్తెలకు మార్చుకోమనండి.

బెజ్జాలు కొట్టడాన్ని ఏరేషన్ అంటారు. మంచి పనే, అవసరమున్న నేలకైతేనే. స్క్రూడ్రైవర్ తీసుకుని తడి నేలలో గుచ్చితే సులువుగా దిగితే ఏరేషన్ అక్కర్లేదు. కొత్తగా కట్టిన ఇళ్ల దగ్గర నేల మిషన్ల కింద నలిగి ఉంటుంది కాబట్టి చాలాసార్లు కావాల్సే వస్తుంది. ఒప్పుకునే ముందు ఏ మిషన్ అని అడగాలి. మేకులతో పొడిచేది నేలను పక్కలకు మరింత నొక్కుతుంది. బోలు గొట్టాలతో రెండు మూడంగుళాల మట్టి ముక్కలను పైకి లాగేదే పనికొస్తుంది. ఆ మట్టి ముక్కలు లాన్ నిండా పడి చూడ్డానికి బాగోవు, కానీ ఊడ్చేయొద్దని చెప్పండి. రెండు మూడు వారాల్లో వానకు కరిగి నేలలో కలిసిపోతాయి. ఈ పని చేసిన రోజే విత్తనం చల్లితే గింజ బెజ్జాల్లో పడి మట్టిని అంటుకుంటుంది. బ్లూగ్రాస్ మొలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. రై గడ్డి వారం, పది రోజుల్లో లేస్తుంది.

ఎరువు విషయంలో వాళ్ల లెక్కను మన లెక్కలోకి మార్చి చూస్తే సందేహం తీరుతుంది. అక్కడ వెయ్యి చదరపు అడుగులకు ఒక పౌండు నత్రజని ఒక విడత. అంటే సెంటుకు 200 గ్రాముల నత్రజని, ఎకరానికి సుమారు 20 కిలోలు. మన 45 కిలోల యూరియా బస్తా ఒకటి ఎకరానికి చల్లినట్టు. కోసిన గడ్డిని అక్కడే వదిలేసే లాన్‌కు ఏడాదికి ఇలాంటివి రెండు విడతలు సరిపోతాయి, అందులో పెద్దది సెప్టెంబరు మొదట్లో. నీడలో పెరిగే ఫెస్క్యూకి ఇంకా తక్కువ. ఐదు విడతలు అవసరం లేదు. నవంబరులో వేసే విడతకు వింటరైజర్ అని పేరు పెట్టి అమ్ముతారు. నేల చల్లబడ్డాక గడ్డి దాన్ని సరిగా తీసుకోలేదు. తీసుకోని నత్రజని భూగర్భ జలంలోకి దిగుతుంది.

ఇంకో మాట. మిన్నెసోటాలో భాస్వరం ఉన్న లాన్ ఎరువుల మీద చట్టమే ఉంది. 2005 నుంచి రాష్ట్రమంతా అమల్లో ఉంది. మట్టి పరీక్షలో లోటు తేలితేనో, కొత్తగా లాన్ వేస్తేనో తప్ప వాడకూడదు. భాస్వరం వానతో కొట్టుకుపోయి చెరువుల్లో నాచు పట్టిస్తోందని తెచ్చిన చట్టమిది. మన డీఏపీ బస్తా మీద 18-46-0 అని ఉన్నట్టే అక్కడి సంచుల మీదా మూడు అంకెలుంటాయి. మధ్య అంకె భాస్వరానిది, అది సున్నా ఉందో లేదో అబ్బాయిని చూసుకోమనండి. మట్టి పరీక్ష మిన్నెసోటా విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో చేస్తారు. కాంట్రాక్టు కంటే ముందు చేయించాల్సింది అదే. మట్టి చూడకుండా మందు రాసే కంపెనీని, పొలం చూడకుండా పురుగుమందు అంటగట్టే దుకాణాన్ని నేను ఒకే గాటన కడతాను.

కాగితంలో నాకు బాగా అభ్యంతరంగా అనిపించింది ఇది: ఒకే వసంతంలో కలుపు మందూ ఉంది, విత్తనమూ ఉంది. క్రాబ్‌గ్రాస్ అనే ఏడాది కలుపు మొలవకుండా, నేల 13 డిగ్రీలకు వేడెక్కే సమయానికి ముందుగా మందు వేస్తారు. మీరు శనగ విత్తిన వెంటనే పెండిమిథాలిన్ కొడతారు చూడండి, ఆ కోవలోనిదే. శనగ గింజ లోతున పడుతుంది కాబట్టి తప్పించుకుంటుంది. పైపైన చల్లే గడ్డి గింజ తప్పించుకోలేదు. కలుపును ఆపే మందు మంచి గడ్డి గింజనూ మొలవనివ్వదు. రెండింటికీ డబ్బు తీసుకుంటే ఒకటి పోయినట్టే. మందు వసంతంలో, విత్తనం సెప్టెంబరులో అని విడగొట్టమనండి.

కోత వారం లెక్కన కాకుండా కోత లెక్కన మాట్లాడుకుంటే మేలు. మే, జూన్‌లలో వారానికోసారి కోయక తప్పదు. జులై ఎండల్లో బ్లూగ్రాస్ తనంతట తానే నిద్రపోతుంది, పెరగదు. పెరగని గడ్డి కోతకు డబ్బు ఎందుకు? ఆ నిద్రలో రెండు మూడు వారాలకోసారి అరంగుళం తడి ఇస్తే కుదురు బతుకుతుంది. ఎత్తు మూడంగుళాల కంటే తగ్గించొద్దు, ఒక కోతలో మూడో వంతుకు మించి తీయొద్దు. కోసిన గడ్డిని సంచుల్లో ఎత్తుకుపోతామంటే వద్దనండి. అందులో ఉన్న నత్రజని ఆ నేలదే. మంచు పడేముందు చివరి కోత, ఆకులు ఊడ్వడం మాత్రం తప్పనిసరి. మళ్లీ స్నో మోల్డ్ రాకుండా కాపాడేది అదే.

డబ్బు పోయినా సరే చేయించాల్సిన పని ఒకటుంది. లాన్‌లో స్ప్రింక్లర్ పైపులు ఉంటే అక్టోబరులో గాలి కంప్రెసర్‌తో వాటిలోని నీళ్లు మొత్తం బయటికి ఊదించాలి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పైపులు, వాల్వులు పగిలిపోతాయి. మంచు తీసే కాంట్రాక్టులో ఎన్ని అంగుళాలు పడితే వస్తారో, ఎన్ని గంటల్లోపు వస్తారో రాయించుకోవాలి. మందు కొట్టేవాళ్ల దగ్గర ఆ రాష్ట్ర వ్యవసాయ శాఖ లైసెన్సు ఉండాలి. చెట్లు నాటడానికి ఎక్కడైనా గుంత తవ్వాల్సి వస్తే ముందు 811కి ఫోన్ చేయాలి. భూమిలో గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టి వెళ్తారు, డబ్బు తీసుకోరు.

మీకు నచ్చే విషయం ఒకటి. 2019 నుంచి ఆ రాష్ట్రంలో లాన్స్ టు లెగ్యూమ్స్ అనే ప్రభుత్వ కార్యక్రమం నడుస్తోంది. తేనెటీగల కోసం ఇళ్ల లాన్లలో పూల మొక్కలు పెంచేవాళ్లకు సాయం చేస్తారు. ఫెస్క్యూ గడ్డిలో తెల్ల క్లోవర్ కలిపి చల్లడం అందులో ఒక పద్ధతి. క్లోవర్ మన జనుము, పిల్లిపెసర లాగే వేరు బుడిపెల్లో నత్రజని స్థిరీకరిస్తుంది. ఎరువు ఖర్చు తగ్గుతుంది. పెరటి వైపు ఒక మూలన వేసి చూడమనండి. కాకపోతే వెడల్పాకు కలుపు మందు కొడితే క్లోవర్ కూడా పోతుంది.

ఇక మీ ఇంటి ముందు రెండు సెంట్లు. ఆ విత్తనం తేవద్దు. విదేశీ విత్తనం మన దేశంలోకి రావాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, ఆ దేశపు తెగుళ్లు లేవన్న ధ్రువపత్రం కావాలి. సూట్‌కేసులో తేవడం నేరం. తెచ్చినా ఉపయోగం లేదు. డిసెంబరులో మొలిచి ముచ్చటపడేలోపు మార్చి ఎండకు పడిపోతుంది. రోహిణి కార్తె దాకా ఆ గడ్డి కొండపిలో నిలవదు.

కరివేపాకు మొక్క కూడా అంతే. అమెరికాలోకి మొక్కే కాదు, పచ్చి రెబ్బ కూడా పట్టుకెళ్లకూడదు. దాని మీద బతికే సిల్లిడ్ పురుగు నిమ్మ, బత్తాయి జాతికి గ్రీనింగ్ తెగులు మోసుకెళ్తుంది. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మ తోటల రైతులకు ఆ తెగులు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అమ్మగారికి నా మాటగా చెప్పండి, అక్కడే అనుమతి ఉన్న నర్సరీలో మొక్క కొని కుండీలో పెంచుకోవచ్చు. సెప్టెంబరు చివర్లో కుండీని ఇంట్లోకి తెచ్చి, ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టి, నీళ్లు తగ్గించాలి. ఆకు కొంత రాల్చినా మే నెలలో మళ్లీ చిగురిస్తుంది.

మీకు లాన్ కావాలనే ఉంటే గరిక రకాల్లో సన్న ఆకు రకం ఎంచుకోండి. ఎండను, నడకను, కొంత ఉప్పు నీటిని కూడా తట్టుకుంటుంది. మీది నల్లరేగడి అయితే ముందు నీరు నిలవకుండా వాలు సరిచేసి, పైన ఇసుక కలిపిన ఎర్రమట్టి పరవాలి. తర్వాత బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. ఆపై తడిపి వదిలేసి, లేచిన తుంగను గడ్డలతో సహా తవ్వి తీయండి. ఇలా రెండుసార్లు చేయనిదే గడ్డి నాటొద్దు. ఒకసారి గరిక మధ్య చేరిందంటే తుంగ ఇక పోదు. సెప్టెంబరు, అక్టోబరు వానలకు పది సెంటీమీటర్ల దూరంలో పిలకలు గుచ్చితే సంక్రాంతి నాటికి నేల కప్పుకుంటుంది. వేసవిలో రెండు సెంట్లకు నీళ్లు పెట్టగలరా అన్నది మీ బోరును బట్టి ఆలోచించుకోండి. నాకైతే ఒక సెంటు గడ్డి చాలనిపిస్తుంది. రెండో సెంటులో ఒక వేప, ఒక సపోటా వేస్తే మనవళ్లు వచ్చినప్పుడు నీడ ఉంటుంది. గడ్డి కొనేముందు బోరు నీటిని పరీక్ష చేయించి రిపోర్టు పంపండి, రకం ఖాయం చేసి చెబుతాను.