మోటారు షెడ్డు పక్క నోడ్లే ముందు ఎందుకు ఆగిపోతున్నాయి?

ప్రశ్న: మా మామిడి తోటలో నేల తేమ చూడటానికి కాలేజీ ల్యాబులోని 24 టెలాస్‌బీ నోడ్లు (రీడింగులు తీసి రేడియోతో పంపే చిన్న బ్యాటరీ సెన్సర్లు) పెట్టాను. ఆ రీడింగులన్నీ చేరే గేట్‌వే తోట అంచున మోటారు షెడ్డులో ఉంది. ఐదు నిమిషాలకోసారి రీడింగులు వస్తాయి. తక్కువ హాప్‌లు (నోడ్ నుంచి నోడ్‌కు గెంతులు) ఉన్న దారి ఎంచుకునేలా రాశాను. షెడ్డు దగ్గరి రెండు నోడ్ల బ్యాటరీలు నెల తిరక్కుండానే అయిపోతున్నాయి, మిగతావి బాగానే ఉన్నాయి. మా గైడ్ గారు లీచ్ అనే, నోడ్లు వంతులవారీగా భారం మోసే పద్ధతి పెట్టమంటున్నారు. పెట్టమంటారా?
– బీటెక్ ఫైనలియర్ విద్యార్థి, నూజివీడు

జవాబు: వద్దండీ. ముందు ఆ రెండు నోడ్లు ఎంత మోస్తున్నాయో లెక్క వేద్దాం.

మీ నోడ్లలోని సీసీ2420 రేడియో పూర్తి పవర్‌తో పంపేటప్పుడు 17.4 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. ఊరికే వింటూ కూర్చున్నా 18.8 లాగేస్తుంది. ఎప్పుడూ ఆన్‌లో ఉంటే రెండు ఏఏ సెల్లు వారం కూడా రావు, అదీ అన్ని నోడ్లకూ ఒకేలా. మీకు అలా జరగలేదంటే రేడియోని నిద్రపుచ్చే పని బాగానే చేశారు. తేడా దారి దగ్గరే వస్తోంది.

తోట చివరి నోడ్ ఒక్క ప్యాకెట్ పంపి పడుకుంటుంది. షెడ్డు పక్కది తన వెనకున్న 11 నోడ్ల ప్యాకెట్లు అందుకుని, తనదీ కలిపి 12 పంపాలి. అక్కడ ఒక్క పని, ఇక్కడ 23. నెలలోపే సెల్లు అయిపోవడంలో ఆశ్చర్యం లేదు.

అందుకే మొదట ప్యాకెట్లు కలపండి. నోడ్ నంబరుకు 1 బైటు, తేమకు 2, ఉష్ణోగ్రతకు 2. పన్నెండు నోడ్లవి కలిపినా 60 బైట్లే. మీ రేడియో పాటించే 802.15.4 ప్రమాణంలో ఒక్క ఫ్రేములో, అంటే ఒకసారి పంపే మూటలో, 127 బైట్ల దాకా పడతాయి. 12 సార్లు పంపేది ఒక్కసారితో తీరిపోతుంది. అసలు ఐదు నిమిషాల్లో మామిడి పాదులో తేమ ఏం మారుతుంది చెప్పండి? అరగంటకోసారి చాలు, నీళ్లు పెట్టేటప్పుడు మాత్రం దగ్గర దగ్గరగా తీసుకోండి.

తక్కువ హాప్‌ల దారి మీద మీకున్న నమ్మకం కూడా కాస్త తగ్గించుకోవాలి. హాప్‌లు తగ్గాలంటే ఒక్కో హాప్ పొడవవుతుంది, సిగ్నల్ పలచబడుతుంది. ఆకులు వానకు తడిస్తే మరీను. రెండు హాప్‌ల దారిలో ఒక్కోచోట మూడేసి సార్లు పంపాల్సి వస్తే మొత్తం ఆరు. మూడు హాప్‌లైనా గట్టి లింకులుంటే మూడు, మూడున్నరతో అయిపోతుంది. ఈటీఎక్స్ అనే కొలత లెక్కించేది దీన్నే. కాంటికి-ఎన్‌జీ అనే సెన్సర్ల ఆపరేటింగ్ సిస్టంలో ఆర్‌పీఎల్ అనే దారి వెతికే ప్రొటోకాల్ వాడితే ఇది చేతికందేలా ఉంటుంది.

ఇక లీచ్. 2000లో హైంజెల్మన్, చంద్రకాసన్, బాలకృష్ణన్ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో నోడ్లు గుంపులుగా (క్లస్టర్లుగా) ఏర్పడతాయి, గుంపు రీడింగులు పోగుచేసి పంపే పెద్ద బాధ్యత వంతులవారీగా మారుతుంది. ఆ ఆలోచన నాకు చాలా ఇష్టం. కానీ పెద్ద అయిన నోడ్ నేరుగా బేస్ స్టేషన్‌కు (మీ దగ్గర గేట్‌వేకు) పంపాలి, అంటే ఏ నోడ్ అయినా అంత దూరం అందుకోగలగాలి. సిమ్యులేషన్‌లో అందుతుంది. గుబురు మామిడి చెట్ల మధ్య తోట అవతలి చివర నుంచి మీ షెడ్డుకు ఈ రేడియోతో అందడం కష్టం. కాబట్టి వంతుల ఆలోచన వరకే తీసుకోండి. షెడ్డు దగ్గర ఇంకో రెండు నోడ్లు పెట్టి, ప్రతి ప్యాకెట్‌లో బ్యాటరీ వోల్టేజీకి ఒక బైటు చేర్చి, వోల్టేజీ బాగా పడిపోయినప్పుడే వెనక నోడ్లు దారి మార్చుకునేలా రాయండి. చిన్న తేడాకే మారుస్తుంటే దారి మార్చే సందేశాలకే కరెంటు ఖర్చవుతుంది.

ఇంకో మాట, ఇది ప్రోగ్రాముతో పని లేనిది. కరెంటు కోసమే గేట్‌వేని షెడ్డులో పెట్టి ఉంటారు. చిన్న సోలార్ ప్యానెల్ దొరికితే దాన్ని తోట మధ్యకు జరపండి. అప్పుడు దాని చుట్టూ ఆరేడు నోడ్లు నేరుగా అందుతాయి, రెండు నోడ్ల మీదే పడే భారం వాటన్నిటికీ పంచినట్టవుతుంది. గైడ్ గారికి ఈ లెక్కలు కాగితం మీద వేసి చూపించండి, ప్రాజెక్టు రిపోర్టులో మార్చక ముందూ మార్చాకా వచ్చిన వోల్టేజీలు పక్కపక్కనే పెట్టండి.