గాలి ఎటు వీచిందో రాయలేదేం?

అమ్మాయికి,

నీ శ్రీలంక సైకిల్ యాత్ర రాతప్రతి అందింది. నిన్న రాత్రి చదువుతూ, నువ్వు అనురాధపురం నుంచి పాదెనియ వైపు ఏ28 రోడ్డు మీద వస్తున్న చోట ఆపేశాను. నిద్రొచ్చి కాదు, కోపమొచ్చి. "శ్రీలంకలో దిగిన దగ్గర్నుంచి, ఫోన్లో అమ్మతో తప్ప, ఒక్క తెలుగు మాట చెవిన పడలేదు. ప్రాణం కొట్టుకుపోతోంది" అని రాశావు. రాసి, ఆ తర్వాతి వాక్యంలోనే తంబుత్తేగమ దాటేసి, ఆ పూట సగటు వేగం గంటకు 22 కిలోమీటర్లని లెక్క చెప్పావు.

తంబుత్తేగమ దగ్గర కుడాగమ అని ఒక ఊరుంది. అక్కడివాళ్ళు తెలుగువాళ్ళు. సింహళంలో అహికుంటిక అంటారు వాళ్ళని. పాముల్నీ కోతుల్నీ ఆడిస్తూ, చెయ్యి చూసి జోస్యం చెబుతూ, గాడిదల మీద సామాను వేసుకుని తరతరాలుగా ఆ దేశమంతా తిరిగిన జనం. ఇప్పుడు చాలామంది ఊళ్ళలో స్థిరపడ్డారు. తూర్పున అక్కరైపట్టు దగ్గర అళిఖంబెలోనూ ఉన్నారు. పిల్లల చదువులు సింహళంలోనో తమిళంలోనో సాగుతున్నాయి కాబట్టి ఇళ్ళలో తెలుగు పల్చబడుతోంది. నీకు ఇదంతా తెలియకపోతే పోయింది. తంబుత్తేగమలో టీ తాగడానికైనా దిగావా? దిగితే ఎవరో ఒకరు చెప్పేవారు. సైకిల్‌కి సంచులు కట్టుకుని వచ్చిన ఆడపిల్లని ఏ దేశం, ఏ భాష అని అడగని టీకొట్టు అక్కడ నేను చూడలేదు.

క్యాండీలోనూ ఇంతే చేశావు. చెరువు మీద సూర్యాస్తమయానికి మూడు పేజీలు. ఆ చెరువు తవ్వించిన శ్రీ విక్రమ రాజసింహుడు తెలుగు మూలాలున్న నాయక వంశపు రాజు. 1815లో ఇంగ్లీషువాళ్ళు అతన్ని పట్టుకుని వెల్లూరు కోటకి తరలించారు, 1832లో అక్కడే పోయాడు. ఆ మూడు పేజీల్లో అతనికి అర పేజీ ఇచ్చినా సూర్యుడేమీ అనుకోడు.

నాకొక పట్టుదల ఉంది. ముందే చెబుతున్నా, నచ్చకపోతే ఈ ఉత్తరం ఇక్కడితో మడిచి పెట్టెయ్. సైకిల్ యాత్ర రాసేవాళ్ళు దిగిన చోట్ల గురించే రాయాలి. తొక్కిన దూరం ఎవడిక్కావాలి? కారుకీ బస్సుకీ లేనిది సైకిల్‌కి ఒక్కటే ఉంది, ఎక్కడ కావాలంటే అక్కడ కాలు కింద పెట్టొచ్చు. దాన్ని వదులుకుని తొక్కుకుంటూ పోతే రోడ్డు తప్ప ఇంకేమీ కనిపించదు. ఆ రోడ్డైనా ఎందుకలా ఉందో తెలియదు.

నువ్వు నిజంగా దిగిన చోటు ఒకటుంది. రొట్టెల ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడ్డ ఘట్టం. అక్కడివాళ్ళు చూన్ పాన్ అంటారే, అదే పాత పియానో ట్యూన్ మోగించుకుంటూ సందుల్లోకి వస్తుంది. చేపకూర పెట్టిన బన్ను నీ చేతిలో పెట్టి, డబ్బులు తీసుకునే ముందు ఆ ఆటో అతను నీ వెనక టైరుని బొటనవేలితో నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడని రాశావు. బాగుంది.

ఇక గాలి సంగతి. మన్నారు నుంచి పూనెరిన్ మీదుగా జాఫ్నాకి ఏ32 మీద గంటకు 27 కిలోమీటర్ల సగటుతో వెళ్ళానని, "నా కాళ్ళలో ఇంత బలముందని అప్పటిదాకా నాకే తెలియదు" అని మురిసిపోయావు. వెళ్ళింది జూలైలో. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ నైరుతి గాలి బలంగా వీస్తుంది. ఆ రోడ్డు ఈశాన్యం వైపుగా వెళ్తుంది. అంటే గాలి నీ వీపు మీద చెయ్యి పెట్టి తోసింది. మన్నారు దీవి ఒడ్డున 30 గాలిమరలు ఊరికే పాతలేదు కదా! వాటికి ఫోటో తీశావు, కింద "అద్భుత దృశ్యం" అని రాశావు, అవి ఎటు తిరిగి ఉన్నాయో మాత్రం చూడలేదు. పది రోజుల తర్వాత ఏ9 మీద దక్షిణానికి వస్తూ వేగం సగానికి పడిపోతే, ఒంట్లో బాగాలేదని రాశావు. ఒంటికేం కాలేదు తల్లీ, ఎదురుగాలి.

అదే ఏ32 మీద సంగుపిట్టి వంతెన దాటావు. దానికి నువ్వు రాసిన మాట "పొడవైన వంతెన". అది 2011లో వచ్చింది. అంతకు ముందు ఆ నీళ్ళు పడవ మీదే దాటాలి. వంతెన చివర చేపలు పట్టేవాళ్ళుంటారు, అడగొద్దూ?

జాఫ్నా అధ్యాయం చదువుతుంటే పళ్ళు నూరుకున్నాను. ముసలివాళ్ళూ, యూనిఫాం వేసుకున్న ఆడపిల్లలూ, అందరూ సైకిళ్ళ మీద వెళ్ళడం చూసి "ఇక్కడి ప్రజలకు పర్యావరణ స్పృహ ఎక్కువ" అని తేల్చేశావు. 1990ల్లో ఎల్‌టీటీఈతో యుద్ధం నడుస్తుండగా ప్రభుత్వం ఆ ప్రాంతానికి పెట్రోలు వెళ్ళకుండా ఆంక్షలు పెట్టింది. దొరికిన కాస్త కిరోసిన్‌తో కొందరు బళ్ళు నడిపారు, మిగతా ఊరంతా సైకిల్ ఎక్కింది. రోగిని ఆస్పత్రికి తీసుకెళ్ళాలన్నా, పెళ్ళికి వెళ్ళాలన్నా సైకిలే. 2022లో పెట్రోలు బంకుల ముందు రోజుల తరబడి క్యూలు కట్టినప్పుడు కొలంబోవాళ్ళకి సైకిల్ గుర్తొచ్చింది. నీకు దారిచ్చిన ఆ ముసలాయన్ని, ఈ సైకిల్ ఎప్పటిది తాతా అని ఒక్క మాట అడిగి ఉంటే నీ అధ్యాయమంతా ఆయనే రాసిపెట్టేవాడు.

కొండల భాగంలో గంపొల నుంచి నువర ఎలియ దాకా వాన, జలుబు, గేర్లు, మళ్ళీ వాన. దాదాపు 1400 మీటర్ల ఎక్కుడు, కష్టమే, కాదనను. కానీ రంబొడ వంపుల దగ్గర తేయాకు తూకం వేస్తుంటే నువ్వు చెట్టు కింద రెయిన్‌కోటు వేసుకుంటూ చూశావని ఒకే ఒక్క వాక్యం ఉంది. ఆ తూకం దగ్గర సంచి బరువనీ, ఆకు తడిసిందనీ కొంత తీసేసి రాసుకుంటారు. నిన్ను విసిగించిన వాన ఆకు కోసే ఆమె కూలి లెక్కలోకీ వెళ్తుంది. వాళ్ళ రోజుకూలి 1000 రూపాయలు కావడానికి 2021 దాకా పట్టింది, అవీ లంక రూపాయలు. ఆ మలుపులు నీ తొడల్ని పరీక్షించడానికి వెయ్యలేదు, మొదట కాఫీ, ఆ తర్వాత టీ కిందికి దిగింది ఆ దారినే.

నువర ఎలియ దాటి హక్‌గల మీదుగా వెలిమడ వైపు దిగేటప్పుడు వాన తెగిపోయి ఎండుగాలి కొట్టిందని, "అదృష్టం" అని రాశావు. అదృష్టం కాదు, భూగోళం. నైరుతి వాన పడమటి వాలు మీదే కురిసేసి, కొండ దాటాక పొడిగాలిగా మిగులుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఆ గాలి తగిలితేనే అక్కడి ఊవా ప్రాంతపు టీకి ఆ వాసన. నువ్వు ఒంటి మీద అనుభవించినదానికి పరాయిదానిలా "అదృష్టం" అని పేరు పెట్టి పోతే ఎట్లా?

బుత్తల నుంచి కతరగమ రోడ్డు మీద సాయంత్రం ఒంటరిగా వెళ్ళడం గురించి కూడా చెప్పాలి. అక్కడ ఏనుగులు రోడ్డుకి అడ్డంగా నిలబడి బస్సుల్ని ఆపుతాయి. పళ్ళు పెట్టి పెట్టి యాత్రికులే అలవాటు చేశారు. బస్సుకి తలుపులుంటాయి, నీకేముంది? నువ్వు దాన్ని "థ్రిల్" అన్నావు. చదివి ఇంకో పిల్ల అదే వేళకి అదే రోడ్డెక్కితే? ఆ అధ్యాయం తీసెయ్. ఉంచితే భయం ఉంచు, గొప్పలు తీసెయ్.

"సోలో", "హిడెన్ జెమ్", "డే 1, డే 2" లాంటి శీర్షికలు ఎవరు నేర్పారు నీకు? రీల్స్ చూసి నేర్చుకుని ఉంటావు. మా కాలంలో ఇదే రోగం ఎడిటర్లకుండేది. కాల్పుల విరమణ నడుస్తున్న రోజుల్లో, 2003లో, నేను అదే ఏ9 మీద జాఫ్నా వెళ్ళాను. రోడ్డుకి రెండు పక్కలా ఎర్ర బోర్డులు, పుర్రె బొమ్మలు. మందుపాతరలు. దిగు దిగు అని నీకింత పాఠం చెబుతున్న నేను అక్కడ తారు రోడ్డు దిగి మట్టి మీద కాలు పెట్టడానికి లేదు. పంచరైతే రోడ్డు మధ్యలోనే కూర్చుని ట్యూబు విప్పాను. వెనకొచ్చిన లారీ డ్రైవరు హారన్ కొట్టకుండా బండి ఆపి, నేను గాలి కొట్టడం అయ్యేదాకా బీడీ కాల్చుకుంటూ నిలబడ్డాడు. ఆ డ్రైవరు గురించే వ్యాసమంతా రాశాను. ఒక వారపత్రిక ఎడిటరు గారు డ్రైవరునీ, పుర్రె బొమ్మల్నీ, పంచర్‌నీ కోసేసి, గుడి గోపురమూ సముద్రమూ ఉంచి, పైన "ముత్యాల దీవిలో విహారం" అని పెట్టి అచ్చేశారు. ఖర్చుల పట్టిక ఒకటి బాక్సులో ఇవ్వమన్నారు కూడా. ఇచ్చాను. అద్దె కట్టాలి కదా. పారితోషికం మాత్రం రాలేదు. ఆయన తర్వాత నాకు కనిపించినప్పుడల్లా, మీ శ్రీలంక భలే ఉందండీ అంటుండేవారు. అందులో నాదంటూ ఏముందని!

ఏ పబ్లిషర్‌కి పంపాలి, ఫోటోలు ఎన్ని పెట్టాలి అని అడిగావు. అవి తర్వాత. పుస్తకానికి ముందుమాట రాయమన్నావు, దాని సంగతీ తర్వాతే.

ముందు ఏ28 అధ్యాయం పక్కన పెట్టు. వీలైతే ఆ ఒక్క ముక్క మళ్ళీ వెళ్ళిరా. ఫిబ్రవరి, మార్చిలో అటువైపు వానలు తక్కువ. అనురాధపురం నుంచి బయల్దేరి, కలావెవ చెరువు నుంచి ఆ ఊరికి నీళ్ళు తెచ్చే జయగంగ కాలవ గట్టు పట్టుకో. అయిదో శతాబ్దం నాటిది. కలావెవ నుంచి మొదటి పాతిక కిలోమీటర్లు కిలోమీటరుకి 10, 20 సెంటీమీటర్లకు మించి వాలు లేకుండా తవ్వారు. నీ జీపీఎస్‌కి అందదు ఆ వాలు, పెడల్‌కీ తెలియదు, నీళ్ళకి తెలుస్తుంది. అక్కణ్ణుంచి తంబుత్తేగమ వెళ్ళి, టీకొట్టు దగ్గర స్టాండు వేసి, కుడాగమకి దారడుగు. ఫోన్ బయటికి తియ్యకు. ఫోటో తీస్తావని తెలిస్తే పాముబుట్ట తెస్తారు, మాటలు ఆగిపోతాయి.

రాతప్రతి తిరిగి పంపుతున్నాను. పెన్సిల్ గీతలు చూసి బెంబేలు పడకు. సగటు వేగాలన్నీ కొట్టేస్తూ వచ్చాను, వెల్లవాయ దగ్గర ఓపిక అయిపోయింది. అక్కణ్ణుంచి నువ్వే కొట్టెయ్.

ఆశీస్సులతో.