ఏ మెట్రిక్ నమోదు చేయాలి, ఎంతసేపటికొకసారి? సర్వర్ మానిటరింగ్‌లో చేరిన అమ్మాయికి జవాబు

ప్రశ్న: కాకినాడలో బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి, అమీర్‌పేటలో లినక్స్ కోర్సు నేర్చుకుని, ఏడు నెలల క్రితం హైదరాబాద్‌లోని ఒక చిన్న సంస్థలో చేరాను. దాదాపు 200 సర్వర్ల నుంచి ఏయే పర్ఫార్మెన్స్ మెట్రిక్స్ (సీపీయూ, మెమరీ వాడకం వంటి పనితీరు కొలతలు) లాగ్ చేయాలో, ఎంతసేపటికొకసారి చేయాలో అమర్చే పని నాకు అప్పగించారు. స్నేహితురాళ్లందరూ కోడింగ్‌లో ఉన్నారు. ఇందులో ఎదుగుదల ఉండదంటూ, మానేసి జావా కోర్సులో చేరమని నాన్నగారు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడు మానేయకండి. కనీసం ఇంకో ఏడాది ఇదే పనిలో ఉండి, దాన్ని లోతుగా నేర్చుకోండి. మానిటరింగ్ అనగానే షిఫ్టులో కూర్చుని, తెరమీద ఎర్ర గుర్తు కనిపిస్తే ఫోన్ చేసే పని అనుకునేవారు చాలామంది ఉన్నారు. మీ నాన్నగారి ఆందోళనకూ అదే కారణమై ఉంటుంది. అటువంటి పనిలో మూడేళ్లు గడిపినా నేర్చుకునేది తక్కువే కనుక ఆ ఆందోళనను నేను తప్పుపట్టను. అయితే మీకు అప్పగించింది చూసే పని కాదు, ఏది చూడాలో నిర్ణయించే పని. రేపు ఒక సర్వర్ అర్ధరాత్రి కుంగిపోతే, కారణం దొరుకుతుందా లేదా అన్నది మీరు ఈ రోజు పెట్టిన అమరికను బట్టి ఉంటుంది. ఇంత చిన్న వయసులో ఇటువంటి బాధ్యత అందరికీ రాదు.

విరామం సంగతి ముందుగా చూద్దాం. లినక్స్‌లో పనితీరు లెక్కలు చూపే సార్ (sar) ఆదేశాన్ని అందించే సిస్‌స్టాట్ ప్యాకేజీ, మనం ఏమీ మార్చకపోతే, 10 నిమిషాలకొకసారి లెక్కలు రాస్తుంది. అంటే రోజుకు 144 నమోదులు. మామూలుగా సీపీయూ వాడకం 20 శాతం ఉండే ఒక సర్వర్‌లో, ఏదో ఒక పది నిమిషాల వ్యవధిలో 90 సెకన్లపాటు అది 100 శాతానికి చేరిందనుకోండి. ఆ పది నిమిషాల సగటు 32 శాతంగా నమోదవుతుంది. ఆ తొంబై సెకన్లలో ఎంతమంది వినియోగదారులు విసిగి వెళ్లిపోయినా, మీ లాగ్ చూసినవారికి సర్వర్ హాయిగా ఉన్నట్టే కనిపిస్తుంది. లాగ్ అబద్ధం చెప్పలేదు; మనం అడిగిన ప్రశ్నే సరిపోలేదు.

దీనికంటే సూక్ష్మమైన తేడా ఇంకొకటి ఉంది, దాన్ని కోర్సుల్లో సాధారణంగా చెప్పరు. సీపీయూ సమయం, డిస్క్ చదువులు, నెట్‌వర్క్ బైట్లు వంటివి ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌లో పెరుగుతూ పోయే లెక్కలు, మన ఇంట్లో కరెంటు మీటరు లాగా. రెండు రీడింగుల మధ్య తేడా తీస్తే ఆ వ్యవధిలో జరిగినదంతా అందులో ఉంటుంది, కాకపోతే సగటుగా పరుచుకుని ఉంటుంది. మెమరీ వాడకం, రన్ క్యూ (సీపీయూ కోసం వేచి ఉన్న పనుల వరుస) పొడవు వంటివి అలా కావు. అవి చూసిన క్షణంలో ఎంత ఉన్నాయో అంతే చెబుతాయి. రెండు రీడింగుల నడుమ మెమరీ నిండిపోయి, ఒక ప్రాసెస్ చచ్చిపోయి, మళ్లీ ఖాళీ అయినా లాగ్‌లో జాడ కూడా ఉండదు. కాబట్టి విరామం నిర్ణయించేటప్పుడు ఈ కొలత మీటరు రకమా, క్షణ చిత్రం రకమా అన్నది ప్రతిదానికీ అడగండి. మీ 200 సర్వర్లకు ఒకే అంకె పెట్టేసే అలవాటు దీనితో పోతుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. సలహాదారుగా మారకముందు నేను చాలాకాలం సర్వర్ల నిర్వహణలో ఉన్నాను. ఒక సంస్థలో రోజూ తెల్లవారుజామున రెండు గంటల ప్రాంతంలో అప్లికేషన్ ఒకటి రెండు నిమిషాలు బిగుసుకుపోయేది. పది నిమిషాల లాగ్‌లో ఏమీ కనిపించక, దాదాపు మూడు వారాలు నెట్‌వర్క్ బృందాన్ని అనుమానిస్తూ గడిపాము. చివరికి ఆ ఒక్క సర్వర్‌లో విరామాన్ని ఒక నిమిషానికి తగ్గించి, డిస్కుల వివరాలు కూడా నమోదయ్యేలా మార్చిన రాత్రే విషయం బయటపడింది: బ్యాకప్, పాత లాగ్‌ల కుదింపు రెండూ ఒకే సమయానికి మొదలై ఒకే డిస్క్ మీద పడుతున్నాయి. సీపీయూ దాదాపు ఖాళీగానే ఉంది, డిస్క్ జవాబిచ్చే సమయం మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. ఒక పనిని నలభై నిమిషాలు వెనక్కి జరిపితే సమస్య తీరింది. ఆ మూడు వారాలు నిద్రలేక ఎర్రబడిన సహోద్యోగుల కళ్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇక ఏయే మెట్రిక్స్ అన్న ప్రశ్న. పర్ఫార్మెన్స్ ఇంజనీర్ బ్రెండన్ గ్రెగ్ ప్రచారంలోకి తెచ్చిన యూఎస్ఈ పద్ధతిని ముందు ఒంటబట్టించుకోండి: ప్రతి వనరుకూ అది ఎంత వాడకంలో ఉంది, దాని కోసం ఎంత పని వరుసలో వేచి ఉంది, అందులో ఎన్ని తప్పులు వచ్చాయి అన్న మూడు ప్రశ్నలు. చాలా చోట్ల మొదటిదానికే లాగ్ ఉంటుంది, రెండోది ఉండదు; నిజానికి వినియోగదారుకు నొప్పి తెలిసేది రెండోదాని వల్లనే. ఇంటర్వ్యూల్లో తరచు వచ్చే ప్రశ్న కూడా దీనికి దగ్గరిదే: లోడ్ యావరేజ్ ఎక్కువగా ఉంది, సీపీయూ మాత్రం ఖాళీగా ఉంది, ఎందుకు? లినక్స్‌లో లోడ్ యావరేజ్ సీపీయూ కోసం వేచి ఉన్నవాటితోపాటు, డిస్క్ వంటి వాటి కోసం మధ్యలో ఆపడానికి వీల్లేని స్థితిలో నిలిచిపోయిన పనులను కూడా లెక్కలోకి తీసుకుంటుంది కనుక. మీ సర్వర్లు క్లౌడ్‌లో ఉంటే మరొకటి గమనించండి. అమెజాన్ అద్దెకిచ్చే క్లౌడ్ సర్వర్లైన ఈసీ2లో మామూలు మానిటరింగ్ 5 నిమిషాలకొకసారి, డబ్బు చెల్లించి తీసుకునే వివరమైన మానిటరింగ్ నిమిషానికొకసారి కొలతలు ఇస్తుంది. కానీ సర్వర్ లోపలి మెమరీ వాడకం ఆ రెండింటిలోనూ రాదు, దానికి క్లౌడ్‌వాచ్ ఏజెంట్ అనే ప్రోగ్రామ్‌ను సర్వర్‌లో విడిగా పెట్టుకోవలసిందే.

అన్నీ సెకనుకొకసారి నమోదు చేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. లెక్క వేసి చూడండి. మెట్రిక్స్‌ను సేకరించి దాచే ప్రొమీథియస్ అనే సాధనంలో ఒక్కో నమూనాకు, అంటే ఒక్కో రీడింగుకు, సగటున ఒకటి రెండు బైట్ల చోటు పడుతుంది. ఒక్కో సర్వర్ వెయ్యి సిరీస్‌లు (విడివిడి కొలతల వరుసలు) ఇస్తుందనుకుని, 15 సెకన్లకొకసారి సేకరిస్తే రోజుకు ఒక్కో సిరీస్‌కు 5,760 నమూనాలు. 200 సర్వర్లకు కలిపి 115 కోట్లకు పైగా నమూనాలు, అంటే రోజుకు సుమారు ఒకటి నుంచి రెండు జీబీ. మనం మార్చకపోతే 15 రోజులే దాస్తుంది కనుక ఇది భరించగలిగినదే. అదే సెకనుకు మారిస్తే 15 రెట్లు. అంతకంటే ప్రమాదం, ఎవరో ఒక మెట్రిక్‌కు కస్టమర్ నంబరును లేబుల్‌గా తగిలించడం. ప్రతి నంబరుకూ ఒక కొత్త సిరీస్ పుట్టి, ఒక్క సిరీస్ లక్షగా విడిపోయి, మానిటరింగ్ సర్వరే ముందు పడిపోతుంది.

అమరిక మార్చేటప్పుడు కొత్తవారు పడే గుంటలు కొన్ని ఉన్నాయి. సిస్‌స్టాట్ సేకరణ, పనులను సమయానికి మొదలుపెట్టే సిస్టమ్‌డీ టైమర్‌తో నడుస్తున్న చోట, విడి ఓవర్‌రైడ్ ఫైల్‌లో కొత్త సమయం రాసేముందు, ఎప్పుడు నడవాలో చెప్పే పాత ఆన్‌క్యాలెండర్ విలువను ఖాళీగా రాసి తుడవకపోతే, పాతదీ కొత్తదీ రెండూ అమలవుతాయి. ప్రొమీథియస్‌లో ఖర్చు తగ్గిద్దామని విరామాన్ని 15 సెకన్ల నుంచి 60 సెకన్లకు మార్చితే, గత ఒక నిమిషం రీడింగుల నుంచి (ఈ వ్యవధినే కిటికీ అంటారు) రేటు లెక్కించే అలర్ట్‌లకు కావలసిన రెండు నమూనాలు దొరకక అవి చప్పుడు లేకుండా పనిచేయడం మానేస్తాయి. ఆ కిటికీని విరామానికి నాలుగు రెట్లైనా ఉంచడం మంచి పద్ధతి. అలాగే ప్రాసెస్‌ల వివరాలు నమోదు చేసే సాధనాలలో కమాండ్ లైన్ మొత్తం లాగ్‌లోకి వెళ్లవచ్చు, అందులో ఎవరైనా పాస్‌వర్డ్ టైపు చేసి ఉంటే అదీ వెళుతుంది. ఆ లాగ్ ఫైళ్లు ఎవరెవరు చదవగలరో ఒకసారి చూడండి.

ఈ ఏడాదిలో ఏం చేయాలంటే, మీ ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషీన్లు పెట్టుకుని, ఒకదానిలో ప్రొమీథియస్, మరొకదానిలో ఆ మెషీన్ కొలతలను దానికి అందించే నోడ్ ఎక్స్‌పోర్టర్ నడిపి, స్ట్రెస్‌ఎన్‌జీతో కావాలని భారం పెంచి, అదే సంఘటన 15 సెకన్ల లాగ్‌లోనూ 10 నిమిషాల లాగ్‌లోనూ ఎలా కనిపిస్తుందో పక్కపక్కన పెట్టి చూడండి. ఆఫీసు లాగ్‌లను మాత్రం ఎప్పుడూ ఇంటికి తెచ్చుకోకండి. దీనితోపాటు రోజుకు ఒక గంట పైథాన్ నేర్చుకోండి. కోడింగ్ రాకుండా ఈ దారిలో చాలా దూరం వెళ్లలేరు, ఈ విషయంలో మీ నాన్నగారి మాటలో నిజముంది. సర్టిఫికెట్ కావాలనుకుంటే లినక్స్ సంస్థ రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏకు ప్రాధాన్యం ఇవ్వండి, ఎందుకంటే అది యంత్రం ముందు కూర్చోబెట్టి పని చేయించి చూసే పరీక్ష. ఇక్కడి నుంచి సైట్ రిలయబిలిటీ ఇంజనీర్, పర్ఫార్మెన్స్ ఇంజనీర్, అబ్జర్వబిలిటీ ఇంజనీర్ వంటి కొలువుల వైపు దారి ఉంది. ఏడాది తర్వాత కూడా మీ సంస్థలో నిర్ణయాలన్నీ పైవారే తీసుకుంటూ, మీకు తెర చూడటమే మిగిలితే, అప్పుడు మారండి. జావా అప్పటికీ ఎక్కడికీ పోదు.

ఈ రోజు నుంచే ఒక నోటు పుస్తకం పెట్టుకుని, మీరు మార్చిన ప్రతి అమరికకూ తేదీ, పాత విలువ, కొత్త విలువ, ఎందుకు మార్చారు, తర్వాత ఏం కనిపించింది అన్నవి రాయండి. రెజ్యూమెలో “సర్వర్ మానిటరింగ్ చేశాను” అని ఒక వాక్యం రాసే బదులు, ఆ పుస్తకంలోంచి మూడు మార్పులను ఎంచుకుని, సంస్థ రహస్యాలు బయటపడకుండా, అంకెలతో రాయండి. ఇంటర్వ్యూలో వారు మిమ్మల్ని వాటి గురించే అడుగుతారు, మీరు వాటి గురించి అరగంట మాట్లాడగలుగుతారు. ఆ పుస్తకాన్ని ముందుగా మీ నాన్నగారికి చూపించి, ఒక మార్పు కథ ఆయనకు అర్థమయ్యేలా చెప్పి చూడండి.